చేతి గ్రీటింగ్ కార్డులకు విజయవాడలో ప్రింట్ ఎక్కడ తీయించుకోవాలి

ఉగాదికో, పుట్టినరోజుకో, టీచర్స్ డేకో సొంతంగా కార్డు చేసేవాళ్లకు ఇప్పుడు నెట్‌లో బొమ్మల కొరత లేదు. ఉచితంగా దొరికేవి బోలెడు, కొంచెం డబ్బు పెడితే అంతకన్నా మంచివి. ఇబ్బందల్లా ఆ బొమ్మను సరిగ్గా కాగితం మీదికి దించడంలోనే. ఫోన్లో ధగధగలాడిన రామచిలుక కాగితం మీద పాచిరంగులోకి దిగుతుంది. మడత పెట్టిన చోట రంగు పెచ్చులూడుతుంది. జిగురు రాయగానే పువ్వు అలుక్కుపోతుంది. చాలామంది తమ చేతిపనే బాగాలేదనుకుంటారు గానీ, ఈ మూడూ ప్రింట్ దగ్గరే ఖాయమైపోతాయి. ఏ మిషన్, ఏ కాగితం అన్నది కౌంటర్ అబ్బాయికి వదిలేయకుండా మనమే చెప్పగలిగితే సగం కార్డు అయిపోయినట్టే.

విజయవాడలో ఈ పనికి నాలుగు దారులున్నాయి: వీధి చివరి జిరాక్స్ సెంటరు, గవర్నర్‌పేటలోనూ బీసెంట్ రోడ్డు వైపూ ఉండే డిజిటల్ ప్రింట్ షాపులు, ఫొటో ల్యాబ్, ఇంట్లో ఇంక్ ట్యాంక్ ప్రింటరు. ఇక్కడ షాపుల పేర్లు ఇవ్వడం లేదు. ఒకే షాపులో ఒక మిషన్ మీద అద్భుతంగా వచ్చిన ప్రింట్ పక్క మిషన్ మీద నీరసంగా రావచ్చు. చూసుకోవాల్సింది బోర్డును కాదు, మిషన్‌ను, అది నడిపే మనిషిని.

ముందు జిరాక్స్ సెంటరు. దీన్ని చాలామంది తక్కువ అంచనా వేస్తారు. రంగులు మనమే వేసుకునే గీతల బొమ్మలకు, అంటే డిజిటల్ స్టాంపులకు, ఇంతకు మించిన చోటు లేదు. నల్లటి లేజర్ ప్రింట్‌లో ఉండేది పొడి టోనర్. అది వేడికి కరిగి కాగితానికి అతుక్కుంటుంది, నీళ్లకు కరగదు. పైన వాటర్ కలర్ ఎంత పూసినా గీత చెదరదు. ఆల్కహాల్ మార్కర్లకు కూడా మంచి టోనర్ గీత సాధారణంగా నిలుస్తుంది. 1987లో జపాన్‌లో కోపిక్ మార్కర్లు తయారు చేసిందే జిరాక్స్ కాపీల మీద టోనర్ కరగకుండా రంగు వేసుకోవడానికి. చవక మార్కర్లన్నీ అలా ఉంటాయని నమ్మకం లేదు కాబట్టి మూలన ఒక గీత మీద రుద్ది చూసుకోవాలి.

జిరాక్స్ సెంటర్‌లో తకరారు కాగితంతో. కింది ట్రేలో ఉండేది 70, 75 జీఎస్‌ఎం కాగితం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములన్నదే జీఎస్‌ఎం). దాని మీద కార్డు చేస్తే తడి రుమాలులా వాలిపోతుంది. 180 నుంచి 220 జీఎస్‌ఎం వరకు, పైపూత లేని నున్నటి ఐవరీ కార్డో, డ్రాయింగ్ పరీక్షలకు వాడే దళసరి కార్ట్రిడ్జ్ కాగితమో మనమే తీసుకెళ్లాలి. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల వరసలో స్టేషనరీ దుకాణాల్లో అడగండి. ఏ4 సైజుకు కచ్చితంగా కోయించుకుని, అంచులకు నూగు లేకుండా చూసుకుని తీసుకెళ్లాలి. వంకరగా కోసిన షీటు లోపల ఇరుక్కుంటే ఇంకోసారి మన కాగితం ముట్టుకోరు. కింది ట్రే నుంచి కాక పక్కన తెరుచుకునే బైపాస్ ట్రే నుంచి పెట్టమనాలి. కింది ట్రే నుంచి వెళ్లే కాగితం ఎక్కువ మలుపులు తిరుగుతుంది, దళసరి కార్డు ఆ మలుపుల్లోనే ఆగిపోతుంది. సెట్టింగ్‌లో పేపర్ టైప్ 'థిక్' అని మార్చమనడం కూడా మర్చిపోవద్దు. మార్చకపోతే మిషన్ మామూలు కాగితం వేగంతోనే నడుపుతుంది, దళసరి కాగితానికి వేడి చాలదు, గోటితో గీరితే నలుపు రాలిపోతుంది. ప్రింట్ చేతికి రాగానే మూల దగ్గర గోటితో గీరి చూడటం అలవాటు చేసుకోవాలి.

గరుకుగా ఉండే హ్యాండ్‌మేడ్ కాగితం మీద లేజర్ ప్రింట్ తీయించొద్దు. ఎత్తుగా ఉన్న చోట టోనర్ పడుతుంది, గుంటల్లో పడదు. గీత తెగిపోయినట్టు ఉంటుంది. ఇంక్‌జెట్ ఫొటో పేపర్ తీసుకెళ్లి లేజర్‌లో పెట్టమంటే అస్సలు కుదరదు. దాని పైపూత లోపలి వేడికి కరిగి రోలర్‌కు అంటుకుంటుంది. "ఇది మా మిషన్‌కి పెట్టమండి" అని వెనక్కిచ్చిన షాపతను పని తెలిసినవాడని అర్థం.

ఇక డిజిటల్ ప్రింట్ షాపులు. రంగుల్లో పూర్తయి ఉన్న బొమ్మలు, కార్డు మొత్తం ఒకే షీటుగా రావాల్సిన డిజైన్లు, ఒకే కార్డు పాతిక యాభై కావాల్సినప్పుడు ఇక్కడికే వెళ్లాలి. 12×18, 13×19 అంగుళాల షీట్లు వాడతారు, 300 జీఎస్‌ఎం ఆర్ట్ బోర్డు దాదాపు అందరి దగ్గరా ఉంటుంది. ఆర్ట్ బోర్డుకు రెండు వైపులా పూత ఉంటుంది కాబట్టి రంగు నిండుగా దిగుతుంది. అదే పూత వల్ల రంగు పెన్సిల్ దాని మీద జారిపోతుంది, పెన్నుతో రాస్తే ఆరడానికి టైము పడుతుంది, చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది. లోపల చేత్తో రాయాలనుకుంటే పూత లేని బోర్డు అడగాలి.

షీటు సైజు లెక్క ఇంట్లోనే వేసుకుని వెళ్తే డబ్బు మిగులుతుంది. మూసినప్పుడు ఏ6 సైజు, అంటే ఏ4లో నాలుగో వంతు ఉండే కార్డు విప్పితే 148×210 మిల్లీమీటర్లు. అంచుల దాకా రంగు ఉంటే చుట్టూ 3 మిల్లీమీటర్లు బ్లీడ్, అంటే కోతలో పోయే అదనపు రంగు, కలపాలి. అప్పుడు ఒక్కోటి 154×216 అవుతుంది. 12 అంగుళాలంటే 305 మిల్లీమీటర్లే, రెండు కార్డులు పక్కపక్కన పెడితే 308. మూడు మిల్లీమీటర్ల తేడాతో పట్టవు. 13×19లో నాలుగు హాయిగా పడతాయి. డిజైన్ చుట్టూ తెల్ల అంచు వదులుకోగలిగితే బ్లీడ్ అక్కర్లేదు, 12×18లోనే నాలుగు సర్దొచ్చు.

ఈ లెక్కలోనే ఇంకో మెలిక ఉంది. కాగితం పీచుకు ఒక వాటం ఉంటుంది, దాన్నే ప్రెస్సుల్లో గ్రెయిన్ అంటారు. మడత ఆ వాటం వెంబడి పోతే శుభ్రంగా వస్తుంది, అడ్డంగా పోతే చిట్లుతుంది. షీటును పొడవు వైపు, వెడల్పు వైపు మెల్లగా వంచి చూస్తే ఏ వైపు సులువుగా వంగితే ఆ మడత గీతకు సమాంతరంగా పీచు ఉన్నట్టు. పైన చెప్పినట్టు నాలుగు కార్డులు సర్దితే మడత 13 అంగుళాల వైపు వస్తుంది. షాపులో ఉన్న షీటుకు పీచు 19 అంగుళాల వైపు ఉంటే నాలుగు కార్డులూ చిట్లిన మడతతోనే వస్తాయి. అప్పుడు కార్డులను తిప్పి ఒకదాని కింద ఒకటిగా మూడే సర్దించుకోవడం మేలు. ఒక కార్డు తగ్గినా మూడూ పనికొస్తాయి. ముదురు రంగు మడత మీదుగా పోయే డిజైన్లకు ఇది తప్పనిసరి. మడత చుట్టూ తెలుపో లేత రంగో ఉంటే చిట్లినా కంటికి ఆనదు.

మడత పెట్టే ముందు క్రీజింగ్, అంటే మడత గీత వెంట నొక్కి గాడి పెట్టడం, చేయించాలి. శుభలేఖలు వేసే షాపుల్లో క్రీజింగ్ మిషన్ ఉంటుంది. ఇంట్లో అయితే రీఫిల్ అయిపోయిన బాల్ పెన్ను, స్టీలు స్కేలు, కింద ఒక పాత వారపత్రిక చాలు. గీత బయటి వైపు నుంచి నొక్కాలి, లోపలి వైపు చిన్న గట్టు తేలాలి, ఆ గట్టు లోపలికి వచ్చేలా మడవాలి. చాలామంది లోపలి నుంచి గీసి ఆ గాడిలోకే మడుస్తారు; అందుకే బయట టోనర్ పగులుతుంది. మ్యాట్ ల్యామినేషన్, అంటే మెరుపు లేని పల్చటి ప్లాస్టిక్ పొర, వేయిస్తే పగలదు, నిజమే, కానీ ఆ పొర మీద ఫెవికాల్ పట్టదు, పెన్ను పట్టదు. పైన ఇంకేమీ అతికించని కార్డుకైతేనే ల్యామినేషన్.

రంగుల విషయంలో ఈ షాపులను నిందించే ముందు ఒకటి తెలుసుకోవాలి. స్క్రీన్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుతో రంగు చూపిస్తుంది. ప్రింటర్ సయాన్, మెజెంటా, పసుపు, నలుపు కలిపి దించుతుంది. కొన్ని రంగులు ఈ నాలుగింటితో రానే రావు: మామిడి చిగురు ఆకుపచ్చ, నేరేడు వంగ రంగు, మిరుమిట్లు గొలిపే నీలం. పసుపు, కుంకుమ ఎరుపు మాత్రం చక్కగా దిగుతాయి. ఉగాది కార్డుకు ఆకులు లేతాకుపచ్చలో మెరవాలని కోరుకుంటే కాగితం మీద అవి ఒక మెట్టు మసకబారతాయి. ముందే ఆకుపచ్చలో పసుపు పాలు పెంచి, నలుపు పాలు తీసేసి పంపితే కొంత దగ్గరికొస్తుంది. ఎన్ని కాపీలు కావాలన్నా ముందు ఒక షీటు తీయించి, షాపు ట్యూబులైటు కింద కాక బయట వెలుతురులో చూసుకుని మిగతావాటికి ఊ కొట్టాలి.

రెండు వైపులా ప్రింట్ చేస్తే వెనక ముందుల మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల జరుగు ఉంటుంది. ఎంత మంచి మిషన్ అయినా ఇది మామూలే, కాబట్టి రెండు వైపులా సరిగ్గా ఒకే చోట పడాల్సిన బార్డర్లు పెట్టొద్దు. అసలు లోపలి రాతను కార్డు మీద ప్రింట్ చేయకుండా, 100 జీఎస్‌ఎం కాగితం మీద విడిగా తీసి, మడత పక్కన అర సెంటీమీటరు పట్టీ మేర మాత్రమే జిగురు పెట్టి లోపల అతికించడం అన్నివిధాలా మేలు. వెనక ప్రింట్ ఖర్చు మిగులుతుంది, చేత్తో రాసినా ఇంకు పీల్చుకుంటుంది, చూడటానికీ ముచ్చటగా ఉంటుంది.

ఇప్పుడు ఫైలు సంగతి, ఎందుకంటే కౌంటర్ దగ్గర గొడవలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. వాట్సాప్‌లో ఫొటోగా పంపిన బొమ్మ కుదించుకుపోతుంది. డాక్యుమెంట్‌గా పంపాలి, లేదా మెయిల్ చేయాలి. ఏ6 కార్డు ముఖం నిండా రావాల్సిన బొమ్మకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 1240×1748 పిక్సెల్స్ కావాలి. వెనక ఏమీ లేని పీఎన్‌జీ బొమ్మను షాపులో జేపీజీగా మారిస్తే కొన్నిసార్లు వెనకంతా నల్లగా వచ్చేస్తుంది. అందుకే ఇంట్లోనే అన్నీ సర్దుకుని ఏ4 లేదా 13×19 పీడీఎఫ్ చేసి తీసుకెళ్లాలి. పేజీ మూలన 50 మిల్లీమీటర్ల గీత ఒకటి పెట్టండి. మొదటి ప్రింట్ రాగానే స్కేలు పెట్టి కొలవండి. 48 వచ్చిందంటే 'ఫిట్ టు పేజ్' పెట్టేశారన్నమాట. 'యాక్చువల్ సైజ్' పెట్టి మళ్లీ తీయమనాలి. కొలత తప్పిన కార్డుల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క నొక్కే.

తెలుగు అక్షరాలతో ఇంకో ఇక్కట్టు. మన డీటీపీ షాపుల్లో ఇప్పటికీ పాత పద్ధతి అను ఫాంట్లు, పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ మీదే చాలా పని నడుస్తోంది. మనం ఫోన్లో టైపు చేసేది యూనికోడ్, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ పాటించే అక్షరాల పద్ధతి. దాన్ని అక్కడ అతికిస్తే ఒత్తులు విడిపోయి 'ఉగాది శుభాకాంక్షలు' కాస్తా చుక్కలు, డబ్బాలు అవుతుంది. పీడీఎఫ్‌లో ఫాంట్ పొందుపరిచి ఇవ్వండి, లేదా అక్షరాలను కూడా బొమ్మగా మార్చి ఇవ్వండి. అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చిన రామభద్ర, మండలి, ధూర్జటి, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితమే, కార్డు మీద నిండుగా కనిపిస్తాయి. లావుగా ఉండే రామభద్ర శీర్షికకు బాగుంటుంది. సన్నటి ఫాంటును 10 పాయింట్ల కన్నా చిన్నది చేస్తే ఒత్తుల మెలికలు పూడుకుపోతాయి.

బొమ్మ హక్కుల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కొన్న బొమ్మలకు చాలావరకు సొంత వాడకానికే అనుమతి ఉంటుంది. కార్డులు చేసి అమ్మాలంటే లైసెన్స్ కాగితం చదువుకోవాలి. కౌంటర్ కంప్యూటర్లో మన ఫైలు వదిలేసి రావద్దు, ఎదురుగానే డిలీట్ చేయించుకోవాలి. ఏ చిక్కూ లేని బొమ్మలు కావాలంటే న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి తన సేకరణలో కాపీరైట్ లేని వాటి ఫొటోలను అందరికీ ఉచితంగా వదిలింది. పాత పూల చిత్రాలు, పక్షులు పెద్ద సైజుల్లో దొరుకుతాయి. రవివర్మ 1906లో పోయారు, మన చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక 60 ఏళ్లకు హక్కు తీరిపోతుంది కాబట్టి ఆయన బొమ్మలూ వాడుకోవచ్చు.

ఫొటో ల్యాబ్ గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. మనుషుల ముఖాలున్న కార్డుకు, తాతయ్య షష్టిపూర్తికో పిల్లాడి మొదటి పుట్టినరోజుకో, ల్యాబ్ ప్రింట్‌లో వచ్చే చర్మం ఛాయ ఇంకెక్కడా రాదు. 4×6 ప్రింట్ తీయించి కార్డు మీద అతికిస్తే సరిపోతుంది. రెండు జాగ్రత్తలు: ఆటో కలర్ కరెక్షన్ ఆపమనాలి, లేకపోతే బొమ్మ వెనక వేసుకున్న లేత రంగులు మారిపోతాయి, కొలత 4×6 నిష్పత్తిలోనే ఇవ్వాలి, లేకపోతే మిషనే అంచులు కోసేస్తుంది. మెరిసే కాగితం మీద వేలిముద్రలు పడతాయి, మ్యాట్ తీసుకోండి.

ఇంట్లో ఇంక్ ట్యాంక్ ప్రింటరుకు ఉన్న పెద్ద సుగుణం ఒక్క కార్డు చేయాలన్నా ఎవరినీ బతిమాలనక్కర్లేదు. వెనక నుంచి నిటారుగా కాగితం తీసుకునే రకం కొనాలి. ముందు ట్రే నుంచి తీసుకునేది కాగితాన్ని లోపల పూర్తిగా వెనక్కి తిప్పుతుంది, దళసరి కార్డు ఆ మలుపు తిరగలేదు. బూడిద రంగు గీతల బొమ్మలు దీంట్లోనే అందంగా వస్తాయి. నల్ల గీతను 40 శాతం బూడిదకు తగ్గించి ప్రింట్ తీసి, పైన రంగు పెన్సిల్‌తో పని చేస్తే గీత రంగులో కలిసిపోయి చేత్తో వేసిన బొమ్మలా ఉంటుంది. లేజర్‌లో అదే బూడిద రంగు చుక్కలు చుక్కలుగా విరుగుతుంది. లోపం నీళ్లతో. ఇందులో రంగు ఇంకులు ఎక్కువగా నీటిలో కరిగే డై ఇంకులు. వాటర్ కలర్ తగిలినా, ఫెవికాల్ తడి తగిలినా అలుక్కుపోతాయి. ఆర్ట్ బోర్డు మీద అసలు ఆరవు. పూత లేని కార్డు, లేదా ఇంక్‌జెట్ కోసమే చేసిన మ్యాట్ కాగితం వాడి, అతికించడానికి డబుల్ సైడ్ టేప్ గానీ గ్లూ స్టిక్ గానీ తీసుకోవాలి. ఎండ పడే గోడకు తగిలిస్తే రంగు వెలుస్తుంది కూడా.

బొమ్మ ఎత్తుగా లేచి నిలబడే పొరల కార్డుకు ఏ ప్రింట్ మంచిదని అడిగితే, 160 నుంచి 200 జీఎస్‌ఎం మీద డిజిటల్ షాపు రంగు ప్రింటే. ఒకే బొమ్మ నాలుగు కాపీలు కావాలి. 7 సెంటీమీటర్ల వెడల్పు, 9 ఎత్తు ఉన్న బొమ్మ ఏ4లో అంచులు వదిలినా నాలుగు పడుతుంది, కాబట్టి కార్డుకొక షీటు లెక్క. మొదటిది మొత్తం బొమ్మ. రెండోదాంట్లో వెనక దృశ్యం తీసేయాలి. మూడోదాంట్లో ముందుకు రావాల్సిన భాగం, అంటే కొండపల్లి అంబారీ ఏనుగు బొమ్మ అయితే ఏనుగు, అంబారీ మాత్రమే. నాలుగోదాంట్లో తొండం, చెవి, అంబారీ గొడుగు. పొరల మధ్య ఒక మిల్లీమీటరు మందం ఫోమ్ టేప్ (రెండు వైపులా అంటే స్పాంజి టేపు). కోసేటప్పుడు కత్తెర కదలకుండా కాగితాన్ని తిప్పాలి, వంపులు నున్నగా వస్తాయి. కోసిన అంచుల్లో తెల్లటి కాగితం కనిపిస్తే పొరలు విడివిడిగా తెలిసిపోతాయి. బొమ్మ రంగు పెన్సిల్‌ను ఆ అంచు వెంట పక్కగా రుద్దాలి. టేపును అంచు దాకా కాకుండా రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి పెట్టండి. మన ఊరి ఎండాకాలంలో జిగురు మెత్తబడి బయటికి పాకుతుంది, దానికి దుమ్ము పట్టి నల్లటి చార కడుతుంది.

వెళ్లే రోజు కూడా చూసుకోవాలి. మాఘం, వైశాఖం, శ్రావణం ముహూర్తాల ముందు డిజిటల్ షాపుల్లో శుభలేఖల పని ముంచెత్తుతుంది, ఒక్క షీటు కస్టమర్‌ను నిలబెడతారు, అది వాళ్ల తప్పూ కాదు. కాలేజీ ప్రాజెక్టు రిపోర్టుల వేళ జిరాక్స్ సెంటర్లదీ అదే పరిస్థితి. ఆషాఢంలో, మూఢంలో వెళ్తే ఓపిగ్గా చేసిపెడతారు, కాగితాలు తీసి చూపిస్తారు, మిగిలిన దళసరి ముక్కలు అడిగితే ఇస్తారు. ఉగాది కార్డులు కావాలంటే పండక్కి వారం ముందు కాకుండా నెల ముందే ప్రింట్లు తీయించి, పైన బరువు పెట్టి ఉంచుకోవడం మంచిది. లేజర్ వేడికి తేమ పోయి షీటు వంపు తిరుగుతుంది, ఒక రాత్రి బరువు కింద ఉంటే చదునవుతుంది.

కవర్లు కార్డు చేశాక వెతకొద్దు, ముందే కొనండి. శుభలేఖల షాపుల్లో విడి కవర్లు దొరుకుతాయి, వాటి కొలతకు తగ్గట్టు కార్డు వేసుకోవచ్చు. ఏ6 కార్డుకు 114×162 మిల్లీమీటర్ల కవరు సరిపోతుంది. పోస్టులో పంపేవాళ్లు తూకం కూడా చూడాలి: 300 జీఎస్‌ఎం ఏ4 షీటు 18.7 గ్రాములు, అందులో సగమైన కార్డు 9.4 గ్రాములు. కవరు, లోపలి కాగితం కలిపినా మామూలు ఉత్తరం మొదటి మెట్టు 20 గ్రాముల లోపే ఉంటుంది. మూడు పొరలు, ఫోమ్ టేపు చేరితే దాటిపోవచ్చు. పోస్టాఫీసులో తూకం వేయించి స్టాంపు అంటించాలి. లేచిన బొమ్మ మీద ముద్ర గుద్దితే నలిగిపోతుంది కాబట్టి కవరు లోపల బొమ్మ వైపు ఒక అట్టముక్క పెట్టి, చిరునామా రెండో వైపు రాయండి.